హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది కూకట్‌పల్లిలో. అత్తగారి ఊరు విశాఖపట్నం. ఆ ఒక్క కారణంతో, దసరాకు ముందూ సంక్రాంతికి ముందూ, వరసగా మూడు సెలవులు కలిసొచ్చిన ప్రతిసారీ, మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది నన్నే పట్టుకుంటారు. అడిగేది ఎప్పుడూ అవే ప్రశ్నలు. లిఫ్ట్‌లోనూ పెళ్లి భోజనాల దగ్గరా ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొత్తం చూడాలంటే ఎన్ని రోజులు కావాలి?

"శుక్రవారం రాత్రి ఎక్కి సోమవారం పొద్దునకల్లా ఆఫీసుకు వచ్చేయాలి, అరకు కూడా అయిపోవాలి" అనేవాళ్లే ఎక్కువ. అయిపోతుంది, కాదనను. కాకపోతే తిరిగొచ్చాక గుర్తుండేది కారు సీటు, టోల్ గేటు, రోడ్డు పక్క టీ కొట్టు. ఊరికి రెండు రోజులు, అరకుకు ఒక రాత్రి కలుపుకొని ఇంకో రెండు రోజులు పెట్టుకోండి. ఉన్నది రెండు రోజులే అయితే అరకును ఈసారికి వదిలేయండి. అది ఎక్కడికీ పోదు.

ఇంకో మాట. విశాఖలో సముద్రానికి పొద్దున, కొండకు సాయంత్రం. ఇది మా మామగారి లెక్క. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ తెల్లవారకముందే బీచ్ రోడ్డు మీద నడుస్తారు. మనవాళ్లు దీన్ని సరిగ్గా తిరగేస్తారు. తొమ్మిదింటికి లేచి, హోటల్ టిఫిన్ కానిచ్చి, పదకొండింటికి ఇసుకలో దిగుతారు. పావుగంటలో పిల్లలు మాడిపోయి ఏడుపు మొదలుపెడతారు. ఇంకేముంది, విశాఖ అంటే ఉక్కపోత అని తీర్పు చెప్పేస్తారు. ఆ ఎండవేళను మ్యూజియంలకు, భోజనానికి, ఒక కునుకుకు ఉంచుకోవాలి.

ఎలా వెళ్తే మంచిది?

రైలే. రోడ్డు మీద ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. విజయవాడ దాకా ఒక హైవే, అక్కణ్నుంచి తీరం వెంట ఇంకో హైవే. డ్రైవింగ్ సరదా ఉన్నవాళ్లకు పన్నెండు గంటలు పడుతుంది, మధ్యలో ఆగకుండా ఎవరూ వెళ్లరు కాబట్టి ఇంకాస్త ఎక్కువే అనుకోండి. నాంపల్లిలో సాయంత్రం ఎక్కి తెల్లారేసరికి దిగాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. పాత తరం వాళ్లకు దాని మీద ఉన్న ప్రేమ ఇంకే రైలు మీదా లేదు. పగలు వెళ్లాలంటే సికింద్రాబాద్ నుంచి వందే భారత్ రైళ్లు రెండున్నాయి. మొదటిది 2023 సంక్రాంతి రోజు మొదలైంది. దాదాపు ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. తెల్లవారుజామున బయల్దేరే వందే భారత్ ఎక్కితే రాజమండ్రి దగ్గర గోదావరిని పగటి వెలుగులో దాటుతారు. పిల్లలు ఫోన్ పక్కన పెట్టేది అక్కడొక్కచోటే.

రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకులా నాలుగు నెలల ముందు కాదు. సంక్రాంతికి వెళ్లేవాళ్లు ఆ రోజు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. టికెట్ కొనేటప్పుడు దిగే స్టేషన్ పేరు కూడా చూసుకోండి. కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి అటునుంచి అటే వెళ్లిపోతాయి. రాత్రివేళ అక్కడ దిగితే ఊళ్లోకి చేరడానికి చాలా దూరం ఉంటుంది.

విమానంలో గంటా పావు. భోగాపురం కొత్త విమానాశ్రయం ఊరికి బాగా దూరం. అందుకే టికెట్ మీద ఏ విమానాశ్రయం ఉందో చూసుకున్నాకే క్యాబ్ మాట్లాడుకోండి.

ఏ నెలలో వెళ్లాలి?

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీదికే వచ్చింది. మా అత్తగారి వీధిలో ఇప్పటికీ ఏ సంగతి చెప్పినా "హుద్‌హుద్‌కు ముందు", "హుద్‌హుద్ తర్వాత" అనే చెప్పుకుంటారు. ఆ రోజుల్లో వెళ్తే వాతావరణ వార్తలు చూస్తూ ఉండండి. మే నెలలో మనకన్నా డిగ్రీలు తక్కువే ఉంటాయి, కానీ ఆ ఉక్కకు హైదరాబాద్ ఒళ్లు తట్టుకోదు. వానాకాలంలో అరకు పచ్చగా అద్భుతంగా ఉంటుంది, కొండ రైలు మార్గంలో బండరాళ్లు జారిపడితే రైళ్లు ఆగిపోతుంటాయి. రెంటికీ సిద్ధపడి వెళ్లండి.

గది ఎక్కడ తీసుకోవాలి?

నడిచి సముద్రానికి వెళ్లాలంటే ఆర్కే బీచ్ వైపు, ప్రశాంతంగా కావాలంటే రుషికొండ వైపు, ఖర్చు తగ్గాలంటే రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ మధ్య ఎక్కడైనా.

"సీ వ్యూ" అనే మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకసారి మా పెద్దమ్మ వాళ్లకు ఎక్కువ డబ్బు పోసి అలాంటి గదే తీసుకున్నాను. కిటికీ తెరిస్తే ఎదురుగా నీళ్ల ట్యాంకు, పక్క డాబా మీద ఆరేసిన దుప్పట్లు, ఆ రెంటి సందులో వేలెడంత నీలం. హోటల్ కుర్రాడు "అదిగోనండి సముద్రం" అని వేలు పెట్టి మరీ చూపించాడు. పదేళ్లయినా పెద్దమ్మ ఆ వేలెడు సముద్రం కథ ప్రతి పెళ్లిలోనూ చెబుతూనే ఉంది. గది ఫోటో కాదు, గది కిటికీలోంచి తీసిన ఫోటో అడగండి.

సూర్యాస్తమయం ఏ బీచ్‌లో బాగుంటుంది?

ఏ బీచ్‌లోనూ ఉండదు. ఇది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. గోవా చూసొచ్చినవాళ్లు సాయంత్రం ఆరింటికి సముద్రం వైపు కెమెరా పెట్టుకొని కూర్చోవడం నేనెన్నోసార్లు చూశాను. సూర్యోదయానికి వెళ్లండి. హైదరాబాద్ కన్నా ఇక్కడ ఇరవై నిమిషాల ముందే తెల్లవారుతుంది, అలారం ఆ లెక్కన పెట్టుకోండి.

ఆర్కే బీచ్‌లో చూడాల్సినవి ఏమిటి?

పొద్దున్నే అయితే ఏమీ చూడనక్కర్లేదు, నడిస్తే చాలు. ఆ వేళ బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు. 2021లో టాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం బళ్లు ఆపేస్తే దొరికిన స్వేచ్ఛ ఇక్కడ రోజూ పొద్దున దొరుకుతుందన్న మాట. రామకృష్ణ మఠం ఉంది కాబట్టి ఆ పేరు వచ్చింది, పక్కనే కాళీమాత గుడి.

చూడాల్సినవి మధ్యాహ్నం దాటాక. మొదటిది ఐఎన్ఎస్ కురుసుర. రష్యావాళ్లు కట్టిన సబ్‌మెరైన్. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. మరుసటి ఏడాది దాన్ని ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి పెద్ద చేపలా కనిపిస్తుంది, లోపలికి వెళ్తే ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాలి. డెబ్బైమందికి పైగా మనుషులు అందులోనే వండుకొని, తిని, వంతులవారీగా ఒకే పరుపు మీద పడుకొని రోజులు గడిపేవారు. అక్కడ వివరించి చెప్పేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. వెనక క్యూ తోస్తోందని ముందుకు పోకుండా, ఒక పక్కన నిలబడి వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. మా అబ్బాయి ఆ రోజు అడిగిన ప్రశ్నలు మొత్తం స్కూలు సంవత్సరంలో అడగలేదు.

ఎదురుగా రోడ్డు అవతల టీయూ-142 విమానం. శత్రువుల సబ్‌మెరైన్లను వెతకడం దాని పని. 2017లో రిటైరై, అదే ఏడాది డిసెంబరు నుంచి జనం చూడటానికి అక్కడ నిలబడింది. ఒక్కో ఇంజనుకు రెండు పంకాలు, అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. ఆ సంగతి చెప్పి చూపించకపోతే పిల్లలు గమనించరు.

అదే రోడ్డు మీద 1971 యుద్ధ విజయ స్మారకం ఉంది. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఆ డిసెంబరులో మునిగింది ఈ తీరం దగ్గరే. ఇంకాస్త ముందుకు వెళ్తే పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి, వాటిలో పేలని ఒకటి అక్కడ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మన తెలుగు ఊరి దాకా వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ నమ్మరు.

సోమవారం కురుసురకు సెలవు, జూకు కూడా. ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం చూద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సముద్రంలో స్నానం చేయొచ్చా?

ఆర్కే బీచ్‌లో వద్దు. పాదాలు తడుపుకోండి, అంతవరకే. అల చిన్నదిగా కనిపిస్తుంది, వెనక్కి వెళ్లేటప్పుడు కాలి కింద ఇసుకను లాగేస్తుంది. ప్రతి ఏటా కుర్రాళ్లు కొట్టుకుపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. హుస్సేన్‌సాగర్ పక్కన పెరిగిన మనకు అలల లెక్క తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. రుషికొండ కొంత నయం. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉంటారు, ఎక్కడిదాకా దిగవచ్చో చెబుతారు. వాళ్ల విజిల్ వినపడితే వాదించకుండా వెనక్కి రండి.

కైలాసగిరికి ఎప్పుడు వెళ్లాలి?

సాయంత్రం నాలుగున్నరకు. రోప్‌వేలో ఎక్కండి, పైన శివపార్వతుల విగ్రహాలు, చుట్టూ తిరిగే చిన్న రైలు ఉన్నాయి. అవన్నీ పిల్లలకు. పెద్దలకు అక్కడి గట్టు. ఒక పక్క ఊరు, ఇంకో పక్క రుషికొండ దాకా వంపు తిరిగిన తీరం. దీపాలు వెలిగేదాకా ఉండి దిగండి. తూర్పు కనుమలు సముద్రానికి ఎంత దగ్గరగా వచ్చి ఆగాయో మ్యాపు చూస్తే అర్థం కాదు, అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

సింహాచలం దర్శనానికి ఎంత సమయం పడుతుంది?

మామూలు రోజున పొద్దున్నే వెళ్తే భోజనం వేళకు తిరిగి రావచ్చు. శనివారం, సెలవు రోజు అయితే చెప్పలేం. కొండ మీదికి బస్సులు వెళ్తాయి, ఓపిక ఉన్నవాళ్లు మెట్ల దారిన ఎక్కుతారు.

మొదటిసారి వెళ్లేవాళ్లు గర్భగుడిలో నరసింహస్వామి రూపం కోసం వెతుక్కుంటారు. స్వామి ఏడాదంతా చందనం పూతలో ఉంటాడు, చూడటానికి లింగాకారంలా కనిపిస్తాడు. నిజరూపం ఒక్క అక్షయ తృతీయ రోజే. ఆ రోజు జనం సంగతి చెప్పనక్కర్లేదు, ఊరు చూడటానికి వచ్చినవాళ్లు ఆ తేదీ తప్పించుకోవడం మేలు. దర్శనం అయ్యాక గబగబా ప్రసాదం కౌంటరుకు పరిగెత్తకండి. మండపాల రాతి పనిలో ఒడిశా పద్ధతి కనిపిస్తుంది, ఇప్పుడున్న గుడిలో చాలా భాగం 13వ శతాబ్దంలో గాంగ రాజుల కాలంలో కట్టింది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఒకసారి, 1519లో ఒకసారి వచ్చి కానుకలిచ్చిన శాసనాలున్నాయి. కప్పస్తంభాన్ని కౌగిలించుకొని కోరిక కోరుకునేవాళ్ల వరస ఎప్పుడూ ఉంటుంది. మా అత్తగారు నన్ను మూడుసార్లు పట్టించారు. ఏం కోరుకున్నానో అడగొద్దు.

కిందికి దిగేటప్పుడు సింహాచలం అనాసపండు, సంపెంగలు దొరికే కాలమైతే కొనుక్కోండి.

ఊళ్లో ఒక్క పూటే ఉంటే ఎక్కడికి వెళ్లమంటారు?

భీమిలి రోడ్డు. ఆలోచించకుండా చెబుతాను. ఊరి చివర నుంచి భీమునిపట్నం దాకా ఇరవై అయిదు కిలోమీటర్లు, కుడి చేతి వైపు సముద్రం, ఎడమ చేతి వైపు కొండలు. కారే కావాలని లేదు, 900కె సిటీ బస్సు ఎక్కి కుడి వైపు కిటికీ దగ్గర కూర్చున్నా చాలు.

రుషికొండ దాటాక ఎడమకు తొట్లకొండ. కారు పై దాకా వెళ్తుంది. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు. అలాగే బావులున్న కొండ బావికొండ, పావురాలున్న కొండ పావురాలకొండ. పేర్లు పెట్టినవాళ్లకు బౌద్ధం సంగతి తెలిసి ఉండదు, కళ్లముందున్నదాన్ని బట్టి పిలిచారు. 1970ల్లో నౌకాదళం వాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. పైన నిలబడితే భిక్షువులు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. కింద సముద్రం, ఓడలు వచ్చే దారి, వెనక కొండగాలి.

ఇంకొంచెం ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. గాలి, సముద్రం, ఇనుము తుప్పు కలిసి వేల ఏళ్లలో చేసిన ఎర్రటి ఇసుక గుట్టలు, మధ్యలో వాన కోసిన లోతైన గాడులు. 2014లో వీటికి జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి. ఎండ వాలాక వెళ్తే రంగు చూడాలి. గోడల మీద పేర్లు చెక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గట్టి రాయి కాదది, గోరు పెట్టినా రాలిపోతుంది.

చివర భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వ్యాపారానికి దిగిన రేవు. వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. వీధుల్లో ఇప్పటికీ తొందర కనిపించదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లండి. ఈ నది పేరు గుర్తుంచుకోండి, అరకు దారిలో మళ్లీ వస్తుంది.

యారాడ బీచ్ వెళ్లాలా?

సొంత బండి ఉంటే వెళ్లండి. డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి అవతలికి దిగాలి. మూడు పక్కల కొండలు, ఒక పక్క సముద్రం. కొండ మలుపులో పైనుంచి కనిపించే దృశ్యమే అసలు బహుమతి. నీళ్లలోకి మాత్రం దిగకండి, ఆర్కే బీచ్ కన్నా ప్రమాదం.

పాత ఊరు చూడదగ్గదేనా?

చార్మినార్ చుట్టుపక్కల తిరగడం ఇష్టమున్నవాళ్లకు తప్పకుండా. పోర్టు పక్కన మూడు చిన్న గుట్టలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న రాస్ హిల్ మీద నుంచి ఓడలు హార్బర్‌లోకి రావడం చూడొచ్చు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు లేదు, భక్తులే వెళ్లి అమ్మవారిని తాకి పూజ చేసుకుంటారు. మార్గశిర గురువారాల్లో మాత్రం లైను చాలా పొడుగు.

అరకు రైల్లో వెళ్లాలా, కారులోనా?

రైల్లో వెళ్లి రోడ్డు మీద తిరిగి రండి. ఎవరడిగినా నాది ఇదే జవాబు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ పొద్దున్నే బయల్దేరుతుంది, నాలుగు గంటలు పడుతుంది. అద్దాల పెట్టెకు టికెట్లు చాలా ముందే అయిపోతాయి. దొరకలేదని బాధపడకండి, మామూలు పెట్టెలో తలుపు తీసిన కిటికీలోంచి వచ్చే గాలి ఆ ఏసీ అద్దంలోంచి రాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన మార్గం ఇది. యాభైకి పైగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ పిల్లలు అరుస్తారు, పదో సొరంగం దాటాక మీరూ అరుస్తారు. దారిలోని శిమిలిగుడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున సముద్రం ఒడ్డున ఎక్కిన రైలు మధ్యాహ్నానికి అంత పైకి వెళ్తుంది.

అరకులో చూడాల్సినవాటి చిట్టా ఎవరైనా ఇస్తారు. గిరిజన మ్యూజియం బాగుంటుంది, పద్మపురం తోట ఫరవాలేదు. నేను చెప్పేది ఒక రాత్రి ఉండమని. పొద్దున్నే లోయలో పొగమంచు విడిపోవడం చూడాలి. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లకు అది దొరకదు. నవంబరు, ఆ చుట్టుపక్కల వెళ్తే పొలాల నిండా పసుపుపచ్చటి వలిసె పూలు. పూలలో దిగి ఫోటోలు తీసుకునే ముందు అది ఒక రైతు పంట అని గుర్తుంచుకోండి, నూనెగింజలవి.

దిగేటప్పుడు అనంతగిరి మీదుగా కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు. ఇక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వికారాబాద్ దగ్గర కూడా అనంతగిరి ఉంది కాబట్టి ఫోన్‌లో మ్యాపు పెట్టేటప్పుడు చూసి పెట్టండి. మా పక్క ఫ్లాట్ ఆయన మూసీ పుట్టిన అనంతగిరిలో గది బుక్ చేసుకొని అరకులో దిగాడు.

తర్వాత బొర్రా గుహలు. సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి చేసిన గుహలు. పైనుంచి వేలాడే రాళ్లు, కింద నుంచి లేచిన రాళ్లు, గబ్బిలాల వాసన. ఎనభై మీటర్ల లోతు దాకా దిగాలి, మెట్లు తడిగా ఉంటాయి, గట్టి చెప్పులు వేసుకోండి. ఈ గుహల్లోంచి పారే నీళ్లు గోస్తనీవి. భీమిలిలో సముద్రంలో కలిసే నదే ఇది. ముందు రోజు భీమిలి చూసినవాళ్లకు బొర్రా ఇంకా బాగా నచ్చుతుంది, అందుకే ఆ వరసలో వెళ్లమంటాను.

ఒక హెచ్చరిక. క్యాబ్‌వాళ్లు తమకు తెలిసిన హోటల్ దగ్గరే ఆపుతారు. ఒకసారి బొంగులో చికెన్ పేరుతో, వేరేచోట వండి వెదురులో కూరిన కూర తినిపించారు మాకు. అసలైనది రోడ్డు పక్కన నిప్పుల మీద కాలుతూ మీ కళ్లముందే కనిపిస్తుంది. చీల్చేదాకా అక్కడే నిలబడండి.

లంబసింగిలో మంచు పడుతుందా?

కశ్మీర్‌లోలా పడదు. వీడియోలు చూసి స్వెట్టర్లతో బయల్దేరేవాళ్లు నిరాశపడుతున్నారు. చలి నిజం, పొగమంచు నిజం, ఒక్కోసారి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకోవడమూ నిజం. డిసెంబరు, జనవరి నెలల్లో, అదీ తెల్లవారుజామున చూడాలి. ఆ ఊరికి పాత పేరు కొర్రబయలు. ఆరుబయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి మేఘాలు కాళ్ల కింద పరుచుకుంటాయి, చీకట్లో ఎక్కాలి. ఈ రెండూ, అరకూ ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. ఒక్క రోజులో మూడూ చూపిస్తామనే ప్యాకేజీ తీసుకోకండి. లంబసింగి ఒక్కటే చూడాలంటే విశాఖ దాకా కూడా పోనక్కర్లేదు, తునిలోనో అనకాపల్లిలోనో దిగి నర్సీపట్నం మీదుగా వెళ్లొచ్చు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తున్నాం. ఏవి వదిలేయాలి?

బొర్రా, కురుసుర. రెండింట్లోనూ వంగాలి, దిగాలి. మిగతావి దాదాపు అన్నీ కారు, బస్సు, రోప్‌వేలతో అయిపోతాయి. కురుసుర బయట బెంచీ మీద కూర్చోబెట్టి మరమరాలతో కలిపిచ్చే ముంత మసాలా ఒకటి చేతికిస్తే అమ్మమ్మలకు ఏ ఫిర్యాదూ ఉండదు.

ఏం తినాలి?

బిర్యానీ వెతకొద్దు. అంత దూరం వెళ్లి "మన బిర్యానీలా లేదు" అనడం దేనికి? బీచ్‌లో ముంత మసాలా, వేడి బజ్జీలు. భోజనానికి చేపలు: వంజరం, చందువ, కోనాం, రొయ్యల వేపుడు. ధర ముందే అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల చేపల వేట నిషేధం, ఆ రోజుల్లో తాజా చేప తక్కువ, రేటు ఎక్కువ. మిగతా రోజుల్లో తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే బోట్లు దిగడం, వేలంపాట కేకలు చూడొచ్చు. వాసన తట్టుకోగలిగితేనే.

అక్కడి ఆటోవాళ్లతో ఎలా మాట్లాడాలి?

తెలుగులోనే, ఇంకెలా! "ఎక్కడికెల్లాలండి" అంటారు, మనం "ఏడికైనా పోదాం" అంటాం, ఇద్దరికీ నవ్వొస్తుంది. బస్టాండ్ అంటే కొంచెం ఆలోచిస్తారు, "కాంప్లెక్స్" అనండి.

ఏం కొనుక్కురావాలి?

ఏటికొప్పాక లక్క బొమ్మలు, అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా. అరకు కాఫీ, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. గవ్వలు, శంఖాలు పిల్లలు ఎలాగూ కొనిపిస్తారు.

చేపలు హైదరాబాద్ దాకా తెచ్చుకోవచ్చా?

పచ్చి చేపలు థర్మాకోల్ డబ్బాలో ఐస్ వేసి హార్బర్ దగ్గరే సర్దిస్తారు, రాత్రి ఎక్కి పొద్దున దిగేదాకా ఆగుతాయి. ఎండు చేపలకు మాత్రం మూడు కవర్లు, పైన టేపు. మా మరిది ఒకసారి ఒక్క కవరులో చుట్టి ఏసీ బోగీలో సీటు కింద పెట్టాడు. సామర్లకోట రాకముందే టీసీ వచ్చి "ఎవరిదండీ ఇది?" అన్నాడు. బోగీ మొత్తం మా వైపే చూసింది.